బొజ్జ వచ్చిన బొమ్మ: జాక్సన్ పోలాక్ ‘మ్యూరల్’ మీద ఒక పెయింటర్ కేస్ స్టడీ

2023 వేసవిలో హైదరాబాద్‌లో ఒక హోటల్ లాబీకి పద్దెనిమిది అడుగుల కాన్వాస్ వేసి ఇచ్చాను. ఎనిమిది నెలలు తిరిగాయో లేదో అక్కడి మేనేజర్ ఫోన్ చేశాడు. “సార్, మీ బొమ్మకు బొజ్జ వచ్చింది. ఒకసారి వచ్చి చూస్తారా?” వెళ్ళి చూస్తే నిజమే. పై అంచు మధ్యలో రెండు వేళ్ళ మందం కిందికి దిగింది. దాని కింద బట్ట వదులై ముందుకు ఉబ్బింది. రంగు బాగానే ఉంది, గోడ బాగానే ఉంది. చట్రం కర్రలే పల్చన. ఖర్చు తగ్గుతుందని నేనే ఒప్పుకున్న చట్రం అది, ఇంకొకరిని అనడానికి లేదు.

పెద్ద బొమ్మలకు ఈ జబ్బు ఇంకెక్కడైనా వచ్చిందా అని వెతుకుతుంటే నేరుగా తగిలింది జాక్సన్ పోలాక్ వేసిన ‘మ్యూరల్’. అమెరికన్ అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం (గుర్తుపట్టే ఆకారాలు వదిలి గీతలూ రంగులతోనే ఉద్వేగం చూపే పద్ధతి) అనగానే మొదటి వరసలో చెప్పే బొమ్మ, 1943 నాటిది. దానికీ పై అంచు మధ్యలో దిగింది. కారణమూ అదే, బరువుకు చాలని చట్రం. అప్పటిదాకా ఆ బొమ్మ గురించి నాకు తెలిసిందల్లా ఒక్క ముక్క: ఒక్క రాత్రిలో వేసేశాడట. కాలేజీలో మా సార్ చెప్పారు, నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళకు నేను చెప్పాను. చట్రం గురించి చదవడానికి కూర్చుంటే ఆ కథ కాస్తా ఊడిపోయింది. 2024లో మా అమ్మాయి దగ్గరికి షికాగో వెళ్ళినప్పుడు మూడున్నర గంటలు కారులో కూర్చుని అయోవా సిటీ వెళ్ళి బొమ్మ చూసొచ్చాను. చూసిందీ, చదివిందీ, తిరిగొచ్చాక షెడ్డులో చేసి చూసిందీ కలిపి ఈ కేసు రాస్తున్నాను.

పని ఎవరిచ్చారు, ఎంతకిచ్చారు

మా పనిలో బొమ్మకు అర్థమేంటని అడిగే ముందు అడిగేవి వేరే ఉంటాయి. పని ఎవరిచ్చారు, ఎంతకు మాట్లాడుకున్నారు, ఎక్కడ పెట్టడానికి?

ఇచ్చింది పెగ్గీ గుగెన్‌హైమ్. న్యూయార్క్‌లో ‘ఆర్ట్ ఆఫ్ దిస్ సెంచరీ’ అనే గ్యాలరీ నడిపిన డబ్బున్న ఆవిడ. 1943 జులై నాటికి పోలాక్‌కు ముప్పై ఒక్క ఏళ్ళు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆర్టిస్టులకు ప్రభుత్వం జీతాలిచ్చిన ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టులో 1935 నుంచి పనిచేశాడు, ఆ ఏడాదే అది మూతపడింది. పొట్ట గడవడానికి పెగ్గీ పెదనాన్న సాలమన్ గుగెన్‌హైమ్ పెట్టిన మ్యూజియంలో పనివాడిగా చేరాడు. అక్కడి నుంచి ఈవిడ తీసుకొచ్చి, ఏడాది పాటు నెలకు 150 డాలర్లు ఇస్తానని కాగితం రాసుకుంది. అదేమీ దానం కాదు, అమ్ముడైన బొమ్మల్లోంచి తిరిగి రాబట్టుకునే అడ్వాన్సు. నవంబర్‌లో సొంత ఎగ్జిబిషన్. దాంతోపాటు తన ఇంటి ముఖద్వారం హాలుకు ఒక పెద్ద బొమ్మ.

ఆ ఇల్లు ఈస్ట్ 61వ వీధిలో 155వ నంబరు. మొదట గోడ మీదే వేయించాలనుకుంది. గోడ మీద కాదు, కాన్వాస్ మీద వేయించు, ఇల్లు మారితే వెంట తీసుకెళ్ళొచ్చు అని సలహా ఇచ్చింది ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ డూషాం. ఆ ఒక్క మాట లేకపోతే ఈ బొమ్మ ఇవాళ ఉండేదే కాదు. అద్దెగోడల మీద నేను వేసినవాటిలో ఎన్నింటిమీద ఇప్పుడు పుట్టీ ఉందో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

కొలత దాదాపు 8 అడుగుల ఎత్తు, 20 అడుగుల పొడవు. మీటర్లలో 2.43 బై 6.04. మన చదరపు అడుగుల లెక్కలో 160. పోలాక్ జీవితం మొత్తంలో ఇంతకన్నా పెద్ద కాన్వాస్ లేదు. అప్పుడు ఆయన ఉంటున్నది ఈస్ట్ 8వ వీధి 46వ నంబరులోని అపార్ట్‌మెంటులో. కాన్వాస్ పట్టకపోతే మధ్యగోడ పగలగొట్టారు. ఆ రద్దును రాత్రిపూట బకెట్లకెత్తి బయటికి మోశారని దగ్గరివాళ్ళు చెప్పారు.

హాలు గురించి ఒక మాట. ముఖద్వారం హాలు అంటే కూర్చుని చూసే చోటు కాదు, నడిచిపోయే చోటు. వచ్చినవాళ్ళు కోటు విప్పుకుంటూ, మాట్లాడుకుంటూ బొమ్మ వెంట వెళ్తారు. ఇలాంటి చోటికి మధ్యలో ఒక ముఖ్యమైన ఆకారం పెట్టి చుట్టూ మిగతావి సర్దితే పని చెడుతుంది, ఎందుకంటే మధ్యలో నిలబడి చూసేవాడు ఉండడు. ‘మ్యూరల్’లో మధ్య అంటూ లేదు. ఏ రెండు అడుగుల ముక్క చూసినా అదే ఒత్తిడి, అదే ఊపు. దీన్ని గొప్ప ఆధునిక ఆవిష్కరణ అని రాస్తారు. కావచ్చు. నాకైతే ముందు ఆ హాలు కనిపిస్తుంది.

ఒక్క రాత్రి

కథ ఇలా నడుస్తుంది. కాన్వాస్ బిగించి నెలల తరబడి దాని ముందు కూర్చున్నాడు, చెయ్యి కదల్లేదు. గడువు ముంచుకొచ్చింది. 1943 డిసెంబర్ చివర్లోనో కొత్త సంవత్సరం ముందోనో ఒక రాత్రి పూనకం వచ్చినట్టు మొదలుపెట్టి తెల్లారేసరికి అయిపోగొట్టాడు. ఇది తర్వాత భార్య అయిన లీ క్రాస్నర్ చెప్పిన మాట. పెగ్గీ అయితే తన జ్ఞాపకాల్లో దాన్ని మూడు గంటలకు కుదించింది. ఖాళీ కాన్వాస్ ముందు పోలాక్ నిలబడ్డ ఫొటో కూడా ఒకటుంది, దాన్ని చూస్తే ఎవరైనా నమ్ముతారు.

కానీ 1944 జనవరిలో అన్నకు రాసిన ఉత్తరంలో పోలాక్ ఆ పెద్ద బొమ్మను వేసవిలో వేశానని రాశాడు. అంటే కథ చెప్పేవాళ్ళలోనే లెక్క కుదరడం లేదు. ఉత్తరం నమ్మాలా, భార్య మాట నమ్మాలా అని చరిత్రకారులు చాలాకాలం తగువు పడ్డారు. చివరికి బొమ్మనే అడిగారు. 2012లో బొమ్మ సొంతదారైన అయోవా యూనివర్సిటీ దాన్ని లాస్ ఏంజెలిస్‌లోని గెట్టీకి పంపింది. అక్కడి మ్యూజియం, కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు కలిసి దాదాపు రెండేళ్ళు దాన్ని పరీక్షించి, బాగుచేశారు.

వాళ్ళు చూసిన పద్ధతి సులువుగా అర్థమవుతుంది. బొమ్మ అంచున ఉప్పురవ్వంత రంగు పెచ్చు తీసి, నిలువుకోత కోసి మైక్రోస్కోపు కింద పెడితే పొరలు కనిపిస్తాయి. పచ్చిగా ఉన్నప్పుడు పైన రంగు పడితే రెండూ కలిసిపోతాయి. కింది పొర ఆరాక పడితే మధ్యలో గీత గీసినట్టు విడిగా ఉంటాయి. ‘మ్యూరల్’లో చాలాచోట్ల గీత గీసినట్టే ఉన్నాయి. రంగులో ఎక్కువ భాగం మంచి రకం ఆయిల్ కలర్. ఆయిల్ కలర్ ఒక రాత్రిలో ఆరదు, పల్చగా వేసినా రోజులు పడుతుంది, దిట్టంగా వేస్తే వారాలు. ఈ చేత్తో ఆయిల్ ముట్టుకున్న ఏ పెయింటరైనా ఆ కథ విన్న రోజే అడగాల్సిన ప్రశ్న ఇది. ముప్పై ఏళ్ళు నేను అడగలేదు.

అయితే కథ పూర్తిగా అబద్ధమూ కాదు. అన్నిటికన్నా కింద, బాగా పల్చన చేసిన నాలుగు రంగులున్నాయి: నిమ్మపండు పసుపు, నెమలి నీలం లాంటి ఆకుపచ్చ, ఎరుపు, ముదురు గోధుమ. ఈ నాలుగూ ఒకదాంట్లో ఒకటి పచ్చిమీదే కలిశాయి. అంటే ఆ మొదటి కోటు ఒక్క ఊపులో, ఒక్క పూటలో పడి ఉండొచ్చు. ఇరవై అడుగుల మీద అస్థిపంజరం ఒక రాత్రిలో నిలబెట్టాడు, కండ పెట్టడానికి రోజులు, బహుశా వారాలు పట్టింది. క్రాస్నర్‌కు గుర్తుండిపోయింది ఆ మొదటి రాత్రేమో అని నా ఊహ. పొద్దున లేచేసరికి తెల్లటి కాన్వాస్ నిండా గీతలుంటే ఎవరికైనా అదే గుర్తుంటుంది.

పక్కకథ ఇంకొకటి కూడా పోయింది. బొమ్మ హాలులో పట్టకపోతే డూషాం ఒక చివర ఎనిమిది అంగుళాలు కోసేయించాడని అంటారు. మేకులు కొట్టే మడత అంచులు నాలుగు వైపులా చెక్కుచెదరకుండా ఉన్నాయి. కోత లేదు.

ఆ అస్థిపంజరం ఎక్కడిది

నేను ఈ పనిలోకి విజయవాడ గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు వేసే షెడ్డు నుంచి వచ్చాను. చిన్న ఫొటో మీద గళ్ళు గీసి, ఇరవై అడుగుల బట్ట మీద అన్నే గళ్ళు దారంతో కొట్టి, గడికి గడి పెంచుతాం. గళ్ళు లేకుండా అంత పొడవు మీద బరువు సమంగా తూగడం ఎంత కష్టమో తెలుసు. కుడిచేతి వాటం ఉన్నవాడు గళ్ళు లేకుండా మొదలుపెడితే బొమ్మ కుడివైపు కిక్కిరిసిపోతుంది. అందుకే నా అసలు ప్రశ్న: ‘మ్యూరల్’కు స్కెచ్ దొరకలేదు, గళ్ళు లేవు, మరి ఇరవై అడుగులు ఎలా తూగాయి?

జవాబు పోలాక్ గురువు దగ్గర ఉంది. థామస్ హార్ట్ బెంటన్. పోలాక్ 1930లో న్యూయార్క్ వచ్చి ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో ఆయన క్లాసులో చేరాడు. బెంటన్ వేసేవి కండలు తిరిగిన రైతులు, కూలీలు, రైలింజన్లు. అబ్‌స్ట్రాక్ట్ అంటే ఆయనకు మంట. సరిగ్గా ఆ 1930-31లోనే ఆయన న్యూ స్కూల్ బోర్డు రూముకు ‘అమెరికా టుడే’ అనే పది పలకల కుడ్యచిత్రం వేస్తున్నాడు, దాని ఆకారాలకు పోలాక్ పోజులిచ్చాడు. ఇప్పుడది మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఆ పనికి బెంటన్‌కు ఫీజు లేదు, టెంపెరా రంగు కలపడానికి కోడిగుడ్లు మాత్రం ఉచితం. మా పేమెంట్ల గురించి గొణిగే కుర్రాళ్ళకు ఇది చెబుతుంటాను.

బెంటన్ నేర్పిన కిటుకు ఆయన 1926-27లో పత్రికలో వరస వ్యాసాలుగా కూడా రాశాడు. పొడవాటి బొమ్మ వేసేటప్పుడు ముందు ఊహలో నిలువుగా గుంజలు పాతుకో. ప్రతి గుంజ చుట్టూ ఆకారాలను తీగ అల్లుకున్నట్టు తిప్పు. ఒక గుంజ దగ్గర లోపలికి పోయిన వంపు పక్క గుంజ దగ్గర బయటికి రావాలి. అలా ఎడమ నుంచి కుడిదాకా చూపు ఎక్కడా ఆగకుండా జారుతుంది. పందిరి వేసేవాడి లెక్క ఇది.

‘మ్యూరల్’ ప్రింటు ఒకటి తెప్పించి, దాని మీద ట్రేసింగ్ పేపరు పరిచి ముదురు నిలువు గీతలను మాత్రమే పెన్సిల్‌తో ఎక్కించాను. రంగులు పోయి గీతలే మిగిలాక గుంజలు బయటపడ్డాయి. చిన్న చిన్న తేడాలతో దాదాపు ఒకే దూరంలో, ఒకే వైపు ఒరిగి. ప్రతి దాని చుట్టూ కొడవలి లాంటి వంపులు. కొందరికి అవి నడుస్తున్న మనుషుల్లా కనిపిస్తాయి. అమెరికా పశ్చిమ మైదానాల జంతువులన్నీ, ఆవులు, గుర్రాలు, జింకలు, అడవిదున్నలు, కట్టగట్టుకుని దూసుకెళ్ళడం తన కళ్ళకు కట్టిందని పోలాక్ తర్వాత ఒక స్నేహితుడితో అన్నాడట. పుట్టింది వయోమింగ్‌లోని కోడీ ఊళ్ళో కాబట్టి నమ్మేలానే ఉంటుంది. ఏమైనా జంతువుల కాళ్ళ కిందా, మనుషుల కాళ్ళ కిందా ఉన్నవి బెంటన్ పాతిన గుంజలే. తనకు బెంటన్ ఉపయోగం ఎదురుతిరగడానికే అన్నట్టు పోలాక్ తర్వాత మాట్లాడాడు. గురువు వేసిన బొమ్మకు ఎదురు తిరిగాడు, నిజమే. గురువు నేర్పిన తూకం మాత్రం చేతిలోంచి పోలేదు. చేతికి పట్టిన అలవాటు అంత తేలిగ్గా పోదు. నేనిప్పటికీ ఖాళీ గోడ ముందు నిలబడితే నా కళ్ళు వాటంతటవే గళ్ళు గీసుకుంటాయి.

రెండోది మెక్సికో. 1930 వేసవిలో పోలాక్ కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీకి వెళ్ళి మెక్సికన్ కుడ్యచిత్రకారుడు ఒరోస్కో వేసిన ‘ప్రొమీథియస్’ చూశాడు. నిప్పు తెచ్చే మహాకాయుడు, పైన కమాను అంచులకు తల తగులుతున్నట్టు ఇరుక్కుని ఉంటాడు. చట్రం లోపల బలం పట్టకుండా తన్నుకోవడం అనేది ‘మ్యూరల్’కు అక్కడి నుంచే వచ్చిందనిపిస్తుంది. రెండో మెక్సికన్ సికేరోస్. 1936లో న్యూయార్క్‌లో ఆయన పెట్టిన ప్రయోగాల వర్క్‌షాపులో పోలాక్ పనిచేశాడు. మేడే ఊరేగింపుకు బండి అలంకరించడం దగ్గర నుంచి, రంగును పోయడం, చిమ్మడం, కార్లకు కొట్టే డ్యూకోను స్ప్రే గన్‌తో కొట్టడం దాకా అన్నీ. మన వడ్రంగులు ఇప్పటికీ తలుపులకు ‘డ్యూకో కొట్టించమంటారా’ అని అడిగే ఆ డ్యూకోనే. ఆర్టు షాపులో దొరికేదే రంగు, మిగతాది కాదు అనే భయం ఆ షెడ్డులో పోయి ఉంటుంది. నాకు బ్యానర్ షెడ్డులో పోయినట్టే.

పికాసో ‘గెర్నికా’ 1939లో న్యూయార్క్ వచ్చింది, మొదట వాలెంటైన్ గ్యాలరీకి, ఆ ఏడాది చివర్లో మోమాకు, అంటే అక్కడి ఆధునిక కళల మ్యూజియానికి. మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడుముప్పావు మీటర్ల పొడవు. గోడకు అతికించకుండా గోడంత బొమ్మ, బట్ట మీద. పోలాక్ దాన్ని చూశాడు. కాన్వాసే కుడ్యచిత్రం కావచ్చనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

1941లో మోమాలో అమెరికన్ ఇండియన్ల కళల ప్రదర్శన జరిగింది. నవాహో వాళ్ళు నేల మీద రంగు ఇసుకను వేళ్ళ సందుల్లోంచి జారవిడుస్తూ బొమ్మ వేసి చూపించారు. మన ఆడవాళ్ళు ముగ్గు పోసినట్టే అని మనకు వెంటనే అనిపిస్తుంది. కానీ ఆ ప్రభావం కోసం ఈ బొమ్మలో వెతకొద్దు. అది 1947 తర్వాత, కాన్వాస్‌ను నేల మీద పరిచి రంగు ధారగా పోసినప్పటి లెక్క. ‘మ్యూరల్’ నిలబెట్టి వేసిందే, ఎక్కువ భాగం బ్రష్‌తోనే. కలల్లోంచి, మనసు అడుగుల్లోంచి బొమ్మ తీసే సర్రియలిస్టుల దగ్గర, ముఖ్యంగా యుద్ధం వల్ల న్యూయార్క్ చేరిన మట్టా లాంటివాళ్ళ దగ్గర, ఆలోచించకుండా చెయ్యి వదిలేసే పద్ధతి నేర్చాడు. మొదటి గీత పడటానికి అది సాయం చేసి ఉంటుంది. ఇరవయ్యో అడుగు దాకా నడిపించేంత శక్తి దానికి లేదు.

డేవిడ్ ఆన్ఫమ్ అనే కళాచరిత్రకారుడు ఇంకో దారి చూపించాడు. 1943లోనే మోమాలో కదలికల ఫొటోగ్రఫీ మీద ప్రదర్శన జరిగింది. గ్యోన్ మిలి లాంటివాళ్ళు ఒకే ఫిల్మ్ మీద ఒక కదలికలోని దశలన్నీ వరసగా పట్టిన ఫొటోలు. అవే ఆకారాలు మళ్ళీ మళ్ళీ పక్కకు జరుగుతున్నట్టుండే ‘మ్యూరల్’కు అవీ ఒక మూలమని ఆయన వాదన. సగం ఒప్పుకుంటాను. ఒకే కాలు పదిసార్లు పడ్డట్టుండే ఆ తొందర బెంటన్ గుంజల్లో లేదు.

హెన్రీ ఆడమ్స్ అనే ఇంకో చరిత్రకారుడు, బొమ్మ నిండా పోలాక్ తన పేరే అక్షరాలుగా రాసుకున్నాడని, అదే దాని అస్థిపంజరమని అన్నాడు. నేను పదిహేనేళ్ళు టైటిల్ అక్షరాలు రాసినవాణ్ణి. వెతికితే ఆ వంపుల్లో నాకు తెలుగులో ‘రాముడు’ కూడా కనిపించాడు.

నాలుగు అడుగుల ముక్క

తిరిగొచ్చాక మా షెడ్డులో నాలుగడుగుల కాన్వాస్ ఒకటి బిగించి, గోడకు నిలువుగా ఆనించి, ‘మ్యూరల్’ కుడిచివర లాంటి ముక్క వేసి చూశాను. నకలు చేయడానికి కాదు, వరస తెలుసుకోవడానికి.

మొదటి కోటు నాలుగు రంగులు, టర్పెంటైన్ ఎక్కువ పోసి. నలభై నిమిషాల్లో అయిపోయింది. ఒక్క రాత్రి కథ అప్పుడు నమ్మాను, ఆ కోటు వరకు. రెండో రోజు దాని మీద దిట్టమైన రంగు పెట్టబోతే కింది పసుపు లేచి బురదైంది. నాలుగు రోజులు ఆగాను. జూన్ నెల హైదరాబాద్ ఎండలో నాలుగు రోజులైతే, న్యూయార్క్ చలిలో ఎన్నో మీరే లెక్కేసుకోండి.

తెలుపు దగ్గర అసలు పాఠం. గెట్టీ వాళ్ళు తేల్చిందేంటంటే, బొమ్మలో ఒక తెలుపు ఆయిల్ కలర్ కాదు, ఇళ్ళ గోడలకు కొట్టే నీళ్ళరంగు. పాలవిరుగు నుంచి తీసే కేసీన్ జిగురుతో చేసింది. మన డిస్టెంపర్‌కు చుట్టం అనుకోవచ్చు. పోలాక్ దాన్ని చివరి దశల్లో, గీతల మధ్య కిక్కిరిసిన చోట్ల ఖాళీలు తిరిగి తెరవడానికి వాడాడు. నా దగ్గర ఉన్నది మామూలు బజారు డిస్టెంపర్. ఆరిన ఆయిల్ మీద పెడితే మెరుపున్న చోట తామరాకు మీద నీళ్ళలా ముడుచుకుంది, మెరుపు లేనిచోట పట్టింది. పట్టిన చోట మాత్రం అద్భుతం. పొడిబారిన, సున్నం లాంటి తెలుపు పక్కన నూనె రంగు తడిగా మెరుస్తుంది, రెండు గీతల మధ్య గాలి ఆడినట్టుంటుంది. ఆయిల్ తెలుపుతో ఆ గాలి రాదు. అంత పెద్ద కాన్వాస్‌కు ట్యూబ్ తెలుపు కొనే స్తోమత లేక గోడరంగు డబ్బా తెచ్చుకున్నాడా, ఆ పొడితనం కోసమే తెచ్చాడా? రెండూ అయి ఉండొచ్చు. నేను బ్యానర్ల రోజుల్లో చేసిన చాలా ‘కళాత్మక నిర్ణయాలు’ జేబు చూసి చేసినవే.

అయోవా సిటీలో బొమ్మ ముందు నేను ఎక్కువసేపు నిలబడింది గులాబీ రంగు దారాల దగ్గర. సేమ్యా పుల్లల్లా సన్నగా, అడ్డంగా సాగి, ముదురు గీతల మీద వాలి ఉంటాయి. దగ్గరికి వంగితే గార్డు వచ్చి వెనక్కి జరగమన్నాడు, రెండుసార్లు. వాటిని చూసి, ఇక్కడే పోలాక్ ధారలు మొదలయ్యాయి, ఎనామెల్ రంగు, కాన్వాస్ నేల మీద పడుకోబెట్టి ఉంటాడు అని పాతవాళ్ళు అనుకున్నారు. పరీక్షలో అది ఆయిల్ కలరే అని తేలింది. నిలబెట్టిన కాన్వాస్ మీదికే అలా విసరొచ్చని చేసి చూశారు. నేనూ విసిరాను. మొదటి పదిసార్లు దారం రాలేదు, చుక్కలే. టర్పెంటైన్ తగ్గించి అవిసెనూనె పెంచాను, రంగు తేనెపాకం అయ్యేదాకా. అప్పుడు మణికట్టు పైనుంచి కాకుండా పక్కనుంచి, చేటతో చెరిగినట్టు, విసిరితే దారం సాగి అడ్డంగా అతుక్కుంది. మూడోవంతు గోడకు, ఇంకో వంతు నా చొక్కాకు. పక్కనే చూస్తున్న మా కుర్రాడు “అన్నా, ఇదైతే నేనూ వేస్తా” అన్నాడు. బ్రష్ ఇచ్చాను. వాడివీ చుక్కలే వచ్చాయి.

బొజ్జ, దాని వైద్యం

ఇప్పుడు నన్ను అక్కడిదాకా లాక్కెళ్ళిన విషయం. 1943 నాటి చట్రం ఇరవై అడుగుల బట్టను, దాని మీద అంత రంగును మోయలేకపోయింది. ఏళ్ళు గడిచేకొద్దీ మధ్యభాగం కిందికి దిగింది. రంగు పెచ్చులూడుతోందని 1973లో రిపేరు చేశారు. వెనక మైనం, రెజిన్ కలిపిన జిగురుతో ఇంకో బట్ట అస్తరు వేసి, కొత్త చట్రానికి బిగించి, ముందువైపు వార్నిష్ కొట్టారు. ఆ రోజుల్లో అందరూ చేసిన వైద్యమే, రంగు రాలకుండా అది ఆపింది కూడా. కానీ జారిన బొమ్మకు అలా అస్తరు వేసేసరికి జారుడు అలాగే గట్టిపడిపోయింది. వంకర తిరిగిన బొమ్మను నాలుగుపలకల చట్రానికి బిగిస్తే అంచుల్లో, రంగు పడని మడత బట్ట ముందుకు వచ్చి కనిపించసాగింది. పైగా వార్నిష్ అన్నిటికీ ఒకే మెరుపు పూసింది. ఇంతకుముందు చెప్పిన సున్నపు తెలుపూ, తడి నూనె రంగూ ఒకటే అయిపోయాయి.

గెట్టీలో వార్నిష్ తీసేశారు. జారుడును మాత్రం వెనక్కి లాగే ప్రయత్నం చేయలేదు. అస్తరుతో సహా గట్టిపడ్డ బొమ్మను లాగితే రంగు పగులుతుంది. దానికి బదులు చట్రాన్నే బొమ్మకు తగ్గట్టు చేశారు. పై అంచు, కింది అంచు నేరుగా కాకుండా, రంగు ఎక్కడ ఆగిందో ఆ వంపు వెంట కొలిచి చేసిన చట్రం. ఇప్పుడు మడత బట్ట వెనక్కి వెళ్ళిపోయింది. మ్యూజియంలో చూసేవాళ్ళలో ఎక్కువమందికి ఆ బొమ్మ సరైన నాలుగుపలకలు కాదని తెలియదు. నేను ఎదురుగా కాకుండా పక్కకు వెళ్ళి, పై అంచు వెంట ఒక కన్ను మూసి చూశాను, వడ్రంగి దూలం చూసినట్టు. వంపు తెలిసింది.

తర్వాతి చరిత్ర క్లుప్తంగా. విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ దీన్ని చూశాకే పోలాక్ తమ దేశంలో అందరికన్నా గొప్ప పెయింటరని తేల్చుకున్నానన్నాడు. 1947లో మోమా పెద్ద బొమ్మల ప్రదర్శనలో పెట్టింది. అదే ఏడు పోలాక్ ఒక ఫెలోషిప్ దరఖాస్తులో, ఈజిల్ (స్టాండు) మీద వేసే బొమ్మకూ కుడ్యచిత్రానికీ మధ్య నిలిచే, కదిలించగల పెద్ద బొమ్మలు వేస్తానని రాసుకున్నాడు. ఆ ఆలోచనకు డూషాం సలహా ఒక మొలక. పెగ్గీ యూరప్ వెళ్ళిపోతూ ఎవరికిద్దామా అని చూసి, చివరికి అయోవా యూనివర్సిటీకి ఉచితంగా ఇచ్చింది, 1951లో చేరింది. 2008 జూన్‌లో అయోవా నది పొంగి మ్యూజియం మునిగినప్పుడు ముందుగానే తరలించిన వాటిలో ఇదీ ఉంది. ఆ వరద నష్టం చూసి దీన్ని అమ్మేద్దామన్న మాట కూడా వచ్చింది, 14 కోట్ల డాలర్ల లెక్కలు తిరిగాయి. అమ్మలేదు. ఊళ్ళు, దేశాలు తిరిగి 2022లో కొత్తగా కట్టిన స్టాన్లీ మ్యూజియంలో సొంత గోడకు చేరింది.

మా హోటల్ బొమ్మ విషయానికొస్తే, దానికి ఏడాది కూడా నిండలేదు, రంగు ఇంకా సాగే వయసు. అందుకని నేను గెట్టీ దారి పట్టలేదు. బొమ్మ దించి, మేకులు పీకి, రెండున్నర అంగుళాల టేకు కర్రలతో కొత్త చట్రం చేయించాను, మధ్యలో నాలుగు నిలువు బద్దలు, ఒక అడ్డ బద్ద, మూలల్లో బిగింపు చీలలు. వడ్రంగి కొలతలు రాసుకుంటూ ఆగాడు. “మంచం చేయిస్తున్నారా సార్, బొమ్మకా?” అన్నాడు. నలుగురం కలిసి లేపితే గానీ గోడకెక్కలేదు. బట్ట మూడు రోజుల్లో కొద్దికొద్దిగా లాగాం. పై అంచున ఎడమవైపు ఒకచోట రంగు వెంట్రుకవాసి చిట్లింది. దాన్ని పూడ్చలేదు, మేనేజర్‌కు చూపించి, తారీఖు వేసి ఫొటో తీసి ఇచ్చాను.